మర్యాదకి అన్న మాట

నమెరికావా
2009 ఏప్రిల్ 6

తొమోయె అత్తకి,

ఊళ్లో చెర్రీలు విచ్చుకుంటున్నాయి గానీ ఎవరూ తలెత్తి చూడటం లేదు. అందరి చూపూ కిందికే, వలల్లోకే. మిణుగురు స్క్విడ్ల కాలం వచ్చేసింది. నాన్న తెల్లారేసరికి పడవ దిగి, బకెట్టు తెచ్చి నా ముందు పెట్టి, "ఏమ్మా దొరసానీ, దీన్ని ఇంగ్లీషులో ఏమంటారు?" అంటాడు. కనజావా వెళ్లి ఇంగ్లీషు సాహిత్యం చదివొచ్చి కామబోకో దుకాణంలో చేపదిమ్మలు పొట్లం కడుతున్నందుకు నాకు రోజూ పడే శిక్ష ఇది. దుకాణం యజమానురాలు ఇంకా నయం. "మా చిగుసా పొట్లం కడితే ఇంగ్లీషు వాసన వస్తుంది" అని వచ్చినవాళ్లందరికీ చెబుతుంది.

అసలు సంగతికి వస్తున్నా. ఈ వారం పత్రికలో కురాబె మాస్టారి ఇంటర్వ్యూ పడింది కదా! మీ పని గదిలో ఆయన పక్క బల్ల దగ్గరే కూర్చుని నువ్వు ఆయన బొమ్మల కథకి కొండలూ, కొట్టాలూ, మంచు మూటలూ గీస్తావు. నీకు ఆయన మాట రోజూ వినే మాటే. మాకు అలా కాదు. ఏడాదికి ఒకసారి నోరు విప్పుతాడు మహానుభావుడు. పత్రిక వచ్చిన రోజే కూర్చుని మొత్తం ఇంగ్లీషు చేసి మా అభిమానుల వెబ్‌సైటులో పెట్టేశాను. బ్రెజిల్, పోలండ్, ఫిలిప్పీన్స్, ఎక్కడెక్కడి వాళ్లో కాచుక్కూర్చుంటారు. "మంచు మోసేవాళ్లు" మొదలై పంతొమ్మిదేళ్లయింది. హరు ఆ మంచు మూట వీపున వేసుకుని కాగా కొండలు దిగడం మొదలుపెట్టినప్పుడు నేను అప్పుడే బడిలో చేరాను. ఆ మంచు కరిగేలోపు ఎడో కోటకి చేర్చాలి, ఇంకా ఆ ఊరే చేరలేదు పిల్ల.

ఈ పనిలో ఒక కిటుకుంది, నీకు చెప్పలేదు. మొదట్లో మాస్టారి మాటలు ఉన్నవి ఉన్నట్టు పెట్టేదాన్ని. "ఇంత చెత్త బొమ్మలు వారం వారం చదివిస్తున్నందుకు క్షమించాలి" అని ఆయనంటే అదే రాశాను. పోలండులో ఒకమ్మాయి ఏడ్చినంత పని చేసింది, ఆయనకి ఒంట్లో బాగాలేదా, మనసు బాగాలేదా అని. అప్పటినుంచి సైటులో పైన ఒక వివరణ అంటించాను. "మా దేశంలో పెద్ద కళాకారులు తమని తాము తక్కువ చేసుకునే మాట్లాడతారు. విందుకి పిలిచిన ఇల్లాలు బల్లనిండా వడ్డించి, తినడానికేమీ లేదండీ అన్నట్టన్నమాట. కంగారు పడకండి." ఆ తర్వాత అందరూ కుదుటపడ్డారు. నేనూ ఆ మాటల్ని కాస్త చెక్కి పెట్టడం మొదలుపెట్టాను. ఈసారీ అంతే. "నా చెయ్యి ఇప్పుడీ కథకి సరిపోవడం లేదు. ఇంకెవరైనా గీస్తే హరుకి మేలు. ఆపెయ్యమని ఎవరైనా అంటే ఈ రోజే ఆపేస్తాను" అన్నారు మాస్టారు. అంతటి మనిషి! నేను దాన్ని, "ఇంకా నేర్చుకోవలసింది ఎంతో ఉంది, హరుకి న్యాయం చెయ్యాలన్నదే నా తపన" అని పెట్టాను. చదివినవాళ్లు చేతులు జోడించారు.

ఇంకో మాట. బడి వదిలి వెళ్లేవాళ్లకి ఒకే అట్ట మీద చుట్టూ అందరం తలో మాట రాసి ఇచ్చేవాళ్లం కదా. అలా అన్ని దేశాల అభిమానుల మాటలూ కలిపి మాస్టారికి ఒక పుస్తకం చేద్దామనుకుంటున్నాం. నేను జపానీలోకి మారుస్తాను. నువ్వు అందిస్తావా?

చలిగాలి ఇంకా పోలేదు, మెడకి గుడ్డ చుట్టుకో. చేపదిమ్మలు వేరే పంపుతున్నాను.

నీ దొరసాని మేనకోడలు,
చిగుసా

&nbsp;

మితాకా, టోక్యో
ఏప్రిల్ 19

చిగుసాకి,

దిమ్మలు అందాయి. ఎర్ర అంచువి నేను దాచుకుందామనుకున్నాను. మూత తీసి టీ పెట్టి వచ్చేలోపు తోటి సహాయకులు డబ్బా కడిగి బోర్లించారు. మీ యజమానురాలికి నా దండాలు.

హరు ఎడో చేరుతుందా లేదా అని నువ్వు అడగకుండా అడిగావు. చెప్పను. పని గదిలో మాట గుమ్మం దాటకూడదు. అందుకే ఇక్కడ ఫోన్లు కూడా బుట్టలో వేసి లోపలికొస్తాం.

చెప్పగలిగినవి చెబుతాను. మాస్టారు ఈ మధ్య రోజూ కూరన్నమే తింటున్నారు. స్పూను తప్ప ముట్టడం లేదు. ఆయన అన్నం తినే పుల్లలు సొరుగులోనే ఉన్నాయి, లక్కపూత కూడా చెదరలేదు. టీ నేను సగం గ్లాసే పోస్తున్నాను. నువ్వు తెలివైనదానివి.

ఆ ఇంటర్వ్యూ ఇంకోసారి నింపాదిగా చదువు. ఆయన మాటలు తక్కువ మనిషి.

పుస్తకం సంగతి. అంత శ్రమ నీకెందుకమ్మా. అంతమంది ప్రేమ మోయడమంటే మాస్టారికీ బరువే కదా.

మీ నాన్నని పడవ మీద తాగొద్దన్నానని చెప్పు. వినడు. అయినా చెప్పు.

అత్త

&nbsp;

నమెరికావా
మే 8

అత్తా,

స్క్విడ్ల మెరుపు తగ్గింది, పడవల వాళ్ల గోల తగ్గలేదు. నీ మాట నాన్నకి చెప్పాను. "మీ అత్త తాగితే నాకంటే రెండు గ్లాసులెక్కువ తాగుద్ది, నాకు చెప్పొచ్చిందా" అన్నాడు. ఉన్నదున్నట్టు అనువదించాను, చూసుకో.

మాస్టారి కూరన్నం కబురు చదివి పగలబడి నవ్వాను. కొండల మీద పస్తులతో నడిచే మనుషుల కథ గీసే ఆయన రోజూ కూరన్నం లాగిస్తున్నాడన్నమాట! ఎవరికీ చెప్పలేదులే. నీ గుమ్మం నాకూ గుమ్మమే.

పుస్తకం పూర్తయింది! "అంత శ్రమ నీకెందుకమ్మా" అన్నావు చూడు, ఆ మాటకే నాకు రెట్టింపు ఉత్సాహం వచ్చింది. నువ్వు ఎప్పుడు నా దగ్గర బహుమతి తీసుకున్నా అలాగే అంటావు కదా. నా మొదటి జీతంతో కొన్న శాలువాకీ అదే అన్నావు, మూడు చలికాలాలు కప్పుకున్నావు.

ఎలాంటివి రాశారో తెలుసా! బ్రెజిల్ నుంచి ఒక బస్సు డ్రైవరు, "మీరు నూరేళ్లు బతికి నూరేళ్లూ గీయాలి, నేను మా బస్సులో హరు బొమ్మ పెట్టుకున్నాను" అన్నాడు. మనీలాలో ఒక నర్సు, "డ్యూటీ దిగాక హరు మూట చూస్తే నా మూట తేలికవుతుంది, ఆపకండి" అంది. పోలండు అమ్మాయి రాసింది చదివి నేనే కాసేపు లేచి తిరిగాను. వాళ్ల తమ్ముడు ఈ కథ చదువుతూ జబ్బు చేసి పోయాడట. "వాడి బదులు నేను చివరి దాకా చదువుతానని మాటిచ్చాను. దయచేసి మధ్యలో వదలొద్దు" అంది. అన్నిటినీ జపానీ చేస్తూ మర్యాద మాటలు నేనే అద్దాను. వాళ్లకి ఆ అలవాటు లేదు కదా, మరీ ఆజ్ఞ వేసినట్టుంటుందని.

నిన్ను ఇరుకున పెట్టకుండా ఎడిటర్ కుసుదా గారి పేరుకే పంపాను. "మాస్టారికి ఇదే సరైన సమయం" అని వెంటనే ఫోన్ చేశాడు. ఎంత సంబరపడ్డాడో!

చిగుసా

&nbsp;

మితాకా
జూన్ 2

చిగుసా,

వానలు మొదలయ్యాయి. కాగితం చెమ్మగిల్లితే సిరా పాకుతుంది, మాకిది పాడుకాలం. పలకరింపు ఇంతే.

నీ పుస్తకం వచ్చింది. ఏ రోజు వచ్చిందో చెప్పాలి నీకు.

గురువారం మధ్యాహ్నం కుసుదా చిత్తు బొమ్మలు చూడ్డానికి వస్తాడు. ఆ రోజు మాస్టారు తెల్ల చొక్కా వేసుకున్నారు. సిరాకి భయపడి ఆయన పని గదిలోకి ఎప్పుడూ తెల్లబట్టతో రారు. నాకొక్కదానికే అర్థమైంది. చివరి అధ్యాయం కవరులో సిద్ధంగా ఉంది. హరు ఎడో చేరుతుంది. కోట గుమ్మంలో మూట విప్పుతుంది. గడ్డీ, తడి గుడ్డా, అంతే, మంచు లేదు. ఆ తడి గుడ్డతో అందరి మొహాలూ తుడుస్తుంది. అంత చక్కని ముగింపు నేను చూడలేదు. ఇక చెబుతున్నాను, ఇక దాచి ఏం లాభం. ఆగస్టు లోపల కథ ముగిస్తానని ఆయన ఆ రోజు అడగబోతున్నారు. మూణ్ణెల్లుగా కూడగట్టుకున్న మాట అది.

కుసుదా బూట్లు విప్పుతూనే, "మాస్టారూ, ముందు ఇది!" అని నీ పుస్తకం తీశాడు. నిలబడి పైకి చదివాడు. బస్సు డ్రైవరుకి అందరూ చప్పట్లు కొట్టారు. పోలండు పిల్ల తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి కొత్తగా చేరినవాడు ముక్కు చీదాడు. మాస్టారు లేచి, నడుం వంచి, "నాలాంటివాడికి ఇది మించిన భాగ్యం. ఇంకాస్త ప్రయత్నిస్తాను" అన్నారు. కవరు సొరుగులోకి పోయింది, పుల్లల పక్కకి.

ఆయన కుడి చెయ్యి వణుకుతుంది చిగుసా. ఏడాదిన్నరగా. గీత తిన్నగా రాదు. హరు కన్ను ఒక్కటి గీయడానికి ఒక పూట పడుతుంది, ఆ మణికట్టు నేను పట్టుకుంటాను. స్పూను గురించి రాశాను. సగం గ్లాసు గురించి రాశాను. ఇంటర్వ్యూలో ఆయన నోరు తెరిచి చెప్పనే చెప్పారు. చదివి, తెలిసి, వద్దన్నా పంపావు. నీ పేరు ఆ దేశాల్లో మోగాలని అంత ఆరాటమా?

ఇది ఎవరికీ చెప్పకు. ఇది మర్యాదకి అంటున్న మాట కాదు.

తొమోయె

&nbsp;

నమెరికావా
జూన్ 22

అత్తా,

నీ ఉత్తరం దుకాణంలో చదివాను. ఒకావిడ దిమ్మలు అడుగుతూ నిలబడింది. యజమానురాలే వచ్చి పొట్లం కట్టింది.

నాకు తెలియదు అత్తా. ఒట్టు. స్పూను నాకు స్పూనులాగే కనపడింది. ఇంటర్వ్యూ నాకు ఇల్లాలి విందులాగే వినపడింది. "ఆపెయ్యమని ఎవరైనా అంటే" అని ఆయన అడుగుతుంటే, ఆ "ఎవరైనా"లో నేనూ ఉన్నానని నాకు తట్టలేదు. పైగా కొన్ని వందల మంది చేత ఆపొద్దు అనిపించి, అందంగా కుట్టించి పంపాను.

వెంటనే ఇంటర్వ్యూని మళ్లీ అనువదించి పెట్టాను, ఈసారి ఒక్క అక్షరం చెక్కలేదు. చెయ్యి సంగతి నావల్ల బయటపడదు, భయపడకు. "నా పాత అనువాదం తప్పు. ఆయన నిజంగానే ఆగాలనుకుంటున్నారు. ఆగనిద్దాం" అని మాత్రం రాశాను.

ఏమైందో తెలుసా? ఎవరూ నమ్మలేదు. లిస్బన్‌లో ఒక పెద్దమనిషి నాకు ఓపిగ్గా నచ్చజెప్పాడు. "చిగుసా, నువ్వే కదా మాకు నేర్పావు, అది మీ దేశపు వినయమని. ఇప్పుడు నువ్వే మర్చిపోతే ఎలా?" అని, నా వివరణ నాకే అంటించాడు. ఇల్లాలూ, విందూ, కంగారు పడకండీ, మొత్తం. కింద అందరూ నవ్వు బొమ్మలు పెట్టారు. మనీలా నర్సు నాకు విశ్రాంతి కావాలేమో అంది. వివరణ తీసేశాను. అప్పటికే దాన్ని పోర్చుగీసులోకీ, స్పానిష్‌లోకీ, పోలిష్‌లోకీ మార్చుకుని దాచుకున్నారట. నా ఒక్క తెలివితక్కువ మాటకి అన్ని అనువాదాలు!

పత్రికాఫీసుకి ఉత్తరం రాశాను, మాస్టారిని ఆగనివ్వమని. అచ్చువేసిన కార్డు వచ్చింది: "మీ ప్రోత్సాహానికి కృతజ్ఞతలు. మీ మాటలు రచయితకి బలాన్నిస్తాయి."

నేనేం చెయ్యను? నన్ను తిట్టు, కానీ ఏదో ఒకటి చెప్పు.

చిగుసా

&nbsp;

మితాకా
జూలై 11

చిగుసాకి,

ఈ ఉక్కలో పంకా వేస్తే కాగితాలు ఎగురుతాయి, వెయ్యకపోతే మేం కరుగుతాం. పోయిన ఉత్తరంలో నోరు పారేసుకున్నాను. మన్నించు. తర్వాత ఏప్రిల్లో రాసిన నా ఉత్తరం మనసులో మళ్లీ చదువుకున్నాను. "పంపకు" అని రాయాల్సినచోట "అంత శ్రమ నీకెందుకు" అని రాశాను. యాభై నాలుగేళ్లొచ్చాయి, పంపకు అన్న మూడక్షరాలకి చెయ్యి రాలేదు. నువ్వు నేర్చుకున్న భాష నేను నేర్పిందే.

ఇప్పుడొక మంచి మాట. నీకే ముందు చెబుతున్నాను, ఎందుకంటే నువ్వు గీత చూసి కనిపెట్టేస్తావు.

పోయిన నెలాఖర్లో మాస్టారు తన బల్ల మీది కాగితం నా బల్ల మీదికి జరిపారు. మొహాలు ఖాళీగా ఉన్నాయి. "తొమోయెగారూ, ఈ ఒక్క పేజీ" అన్నారు. ఇన్నేళ్లలో హరు మొహాన్ని ఆయన తప్ప ఇంకొకరు ముట్టలేదు. నేను గీశాను. ఆయన చాలాసేపు చూసి, "నాకంటే ఆకలిగా ఉంది పిల్ల. బాగుంది" అన్నారు. మర్నాడు కుసుదా ముందే చెయ్యి చాపి చూపించేశారు. కుసుదా కేలెండరు తీశాడు. వసంతంలో టీవీ వాళ్లు ఈ కథ మొదలుపెడుతున్నారు, ఇప్పుడు ఆపితే ఎంతమంది నోట్లో మట్టి కొట్టినట్టో చెప్పాడు. "ఒక్క నెల తొమోయెగారు చూసుకుంటారు, మాస్టారు విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

మాస్టారు మత్సుమోటోలో వాళ్ల చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయారు. రోజంతా నిద్రపోతున్నారట. మధ్యలో లేచి పుచ్చకాయ తింటున్నారట. ఆయనకి ఆ నిద్ర దొరికింది, నువ్వు ఇక ఏడవకు.

పత్రికలో ఆయన పేరే ఉంటుంది. పెదవి విప్పకు.

అత్త

&nbsp;

నమెరికావా
ఆగస్టు 24

నా అత్తకి,

పోయిన పెద్దల్ని తలుచుకునే బోన్ పండక్కి నువ్వొస్తావని నాన్న నీ వంతు చేప ఆరబెట్టాడు. రాలేదు. "పెద్ద ఆర్టిస్టు అయిపోయింది, మనం కనపడం" అని సణిగి ఆయనే తినేశాడు. ఆయనకేమీ తెలియదు, ఊరికే అన్నాడు.

అత్తా, చూశాను. హరు పడవలో నదిని దాటే అధ్యాయం. కింది రెప్ప గీత నీది. మా ఇంట్లో గోడ మీద నువ్వు చిన్నప్పుడు బొగ్గుతో గీసిన బామ్మ కళ్లు ఉన్నాయి చూడు, ఆ రెప్ప. మా సైటులో పండగే పండగ. "మాస్టారు మళ్లీ పుట్టారు", "పుస్తకం పనిచేసింది", "హరు కళ్లకి ప్రాణం వచ్చింది" అంటున్నారు. నా అత్తని పొగుడుతుంటే ఎవరితోనూ చెప్పుకోలేక దిండు కొరుక్కున్నాను.

రెండు సంగతులు నమిలేస్తున్నాయి నన్ను. ఒకటి, ఒక్క నెల అన్నారు. నెల దాటింది. మాస్టారు తిరిగొస్తారా? రాకపోతే ఆ కవరులో ముగింపు ఉంది కదా, అది వేసెయ్యొచ్చు కదా! కొండలూ నువ్వే, మొహాలూ నువ్వేనా? వెనక బొమ్మలకి ఇంకెవరినైనా పెట్టారా? రెండోది, మావాళ్లు రెండో పుస్తకం మొదలుపెట్టారు. నేను చెయ్యనన్నాను. చిలీలో ఒక పిల్ల ఈమధ్య జపానీ నేర్చుకుందట, తానే అనువదిస్తానంది. చక్కటి జపానీ అత్తా. మర్యాద మాటలు నాకంటే బాగా అద్దుతోంది. నేను ఆపలేను.

నువ్వు బాగున్నావా?

చిగుసా

&nbsp;

మితాకా
సెప్టెంబరు 20

చిగుసాకి,

సంజెవేళ కీచురాళ్లు మొదలయ్యాయి, మీ వైపు వరి పండి ఉంటుంది.

నువ్వు అంతలేసి మాటలతో పొగిడావు, సిగ్గుగా ఉంది. నేను చేసేదేముంది, మాస్టారు వేసిన దారిలో నడవడమే. ఇంకా పచ్చి చెయ్యి నాది. తోటివాళ్ల సాయంతో ఏదో నెట్టుకొస్తున్నాను.

మాస్టారు తిరిగి రారు. వాళ్ల చెల్లెలు చెప్పింది. కవరు సంగతి కుసుదాని అడిగాను. "టీవీ అయ్యాక చూద్దాం. ఇప్పుడు హరు ఎడో వెళ్లకూడదు, దారి తప్పాలి" అన్నాడు. కొత్త దారి అతనే చెబుతున్నాడు. వచ్చే నెల మాస్టారి ఇంటర్వ్యూ కూడా ఉంటుంది. జవాబులు కుసుదా రాశాడు, ఒకసారి చూడమన్నాడు. బాగానే ఉన్నాయి. వినయంగా ఉన్నాయి.

నావల్ల కాదని ఒకసారి అతనితో అన్నాను. మొహాలూ, కొండలూ, వారం వారం, ఇంక నావల్ల కాదండీ అన్నాను. కుసుదా పెద్దగా నవ్వి, "చూశారా! మాస్టారి దగ్గర చేరి ఈవిడకీ ఆయన వినయమే అబ్బింది" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే బాగుండదు కదా.

రెండో పుస్తకం గురించి బెంగపడకు. రానీ.

అత్త

&nbsp;

నమెరికావా
అక్టోబరు 12

అత్తా,

చెప్పకుండా వచ్చినందుకు కోపమొచ్చిందేమో. నీ ఉత్తరం చదివి ఉండబట్టలేక రైలెక్కాను. పని గది గంట నొక్కాను. తలుపు సందులోంచి ఒకతను, "తొమోయెగారు పనిలో ఉన్నారు, ఏం చెప్పమంటారు?" అన్నాడు. మేనకోడల్ని అంటే అనుమానంగా చూశాడు. అభిమానులు ఎన్ని చుట్టరికాలు చెప్పుకుని వస్తారో నాకు తెలుసు, తప్పు పట్టను.

నువ్వొచ్చావు. జుట్టు అంత తెల్లబడిందని నేననలేదు. స్టేషన్ పక్క టీ కొట్లో కూర్చున్నాం. గుర్తు చేసుకుంటున్నాను, ఎక్కడ తప్పు విన్నానో వెతుక్కుంటున్నాను.

"బాగున్నావా?" అన్నాను.

"ఆఁ, ఏముంది, బాగానే" అన్నావు.

"మానెయ్ అత్తా. నాతో వచ్చెయ్. నాన్న గదీ, సముద్రం వైపు కిటికీ..."

"ఆ గదిలో మీ నాన్న వలలు పెట్టుకుంటాడు కదే. వాడి వలలు ఎక్కడికి పోతాయి?" అని నవ్వావు.

"నవ్వించకు. చెయ్యి నొప్పిగా ఉందా?"

"పిచ్చిపిల్లా, ఇంతదూరం రైల్లో వచ్చి అడిగేది ఇదా? భోంచేశావా?"

టీ వచ్చింది. నువ్వు గ్లాసుని రెండు చేతులతో పట్టుకుని ఎత్తావు. పెద్దింటి ఆడవాళ్లలా, కింద ఒక అరచెయ్యి, పక్కన ఒకటి. బామ్మ నాకు అలాగే నేర్పింది, ఒంటిచేత్తో తాగితే మోటుతనం అని. నువ్వు మాత్రం మా ఇంట్లో ఎప్పుడూ ఒంటిచేత్తోనే తాగేదానివి, నాన్నతో పందెం వేసి. అత్తా, ఆ రెండు చేతులు మర్యాదా? లేక ఒక చెయ్యి చాలకా? నేను ఎదురుగా కూర్చుని చూస్తూ కూడా చెప్పలేకపోయాను. ఈ మర్యాదని దేశదేశాలకీ విప్పి చెప్పినదాన్ని, బల్లకి అవతలున్న నిన్ను చదవలేకపోయాను.

గడియారం చూసి లేచావు. "ఊరికే కంగారుపడి వచ్చావు, అంత శ్రమ నీకెందుకమ్మా" అన్నావు. అది రావద్దనా? మళ్లీ రమ్మనా?

ఒక్కసారి, నా కోసం, మర్యాద లేకుండా ఒక్క ముక్క రాయి. మోటుగా రాయి. నాన్నని తిట్టినట్టు రాయి. "ఇక చాలు, వచ్చి తీసుకుపో" అని. కార్డు అందిన రోజు పడవ కట్టేసి ఇద్దరం వస్తాం. ఎడిటరుతో గొడవైతే నాన్న చూసుకుంటాడు, ఆయనకి అలాంటి పని దొరక్క చాలాకాలమైంది.

ఎదురుచూస్తూ,
చిగుసా

&nbsp;

నమెరికావా
డిసెంబరు 3

అత్తా,

మొదటి మంచు పడింది. నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. నాన్నని వెళ్దాం పదమన్నాను. "ఏం లేదని మీ అత్త మొహం మీదే చెప్పింది కదా నీకు? ఏం లేదంటే ఏం లేదనే. నీ చదువుకి ప్రతిదానికీ ఇంకో అర్థం కావాలి" అన్నాడు. మొన్నటి వరకూ నేను ఉన్నదాన్ని లేదని చదివానన్నావు. ఇప్పుడు లేనిదాన్ని ఉందని చదువుతున్నానంటాడు నాన్న. ఎవరి మాట నమ్మాలో నాకే తెలియడం లేదు.

కుసుదా రాసిన ఇంటర్వ్యూ వచ్చింది. నేను అనువదించలేదు. చిలీ పిల్ల ఆ సాయంత్రానికే చేసింది. రెండో పుస్తకం మొదటిదానికి రెండింతల లావుందట.

పత్రిక చివర్లో రచయితలు ఒక్క వాక్యం రాస్తారు కదా, ఈ వారం మాస్టారి పేరు కింద, "చలికి వేళ్లు మొద్దుబారుతున్నాయి, మీరంతా జాగ్రత్త" అని ఉంది. అది కుసుదా రాశాడా, నువ్వు రాశావా? రోజంతా ఆ వాక్యం పట్టుకుని కూర్చున్నాను.

ఒక్క ముక్క, అత్తా.

చిగుసా

&nbsp;

మితాకా
2010, కొత్త సంవత్సరపు మొదటి రోజు

తమ్ముడికీ, చిగుసాగారికీ, ఇంటిల్లిపాదికీ,

కొత్త ఏడు శుభం కలగాలి.

గడిచిన ఏడంతా మీరు చూపిన ఆదరానికి కృతజ్ఞతలు. మీ అందరి దయవల్ల ఇక్కడ అంతా క్షేమం. నా పని ఇంకా పచ్చిదే అయినా, ఈ ఏడూ చేతనైనంత శ్రద్ధగా చేస్తాను.

పని తొందరలో ఉండి చేత్తో రాయలేక, మరొకరి చేత యంత్రం మీద కొట్టిస్తున్నాను. ఈ అమర్యాదని మన్నించండి.

చలి ఇంకా ముదురుతుంది. ఒళ్లు జాగ్రత్తగా చూసుకోండి.

తొమోయె